చూపించిన ఎద్దు, వదిలేసిన ఎద్దు

తన దగ్గర ఉన్నవాటిలో శ్రేష్ఠమైనదాన్ని పదిమంది ఎదుట నిలబెట్టి చూపించడం ఒక విధమైన ఆరాధన అవుతుందా, లేక ఆరాధనకు మూలమైన త్యాగాన్నే అది కాదంటుందా అన్నది మన ధర్మశాస్త్రాలూ భక్తి గ్రంథాలూ వేర్వేరు సందర్భాల్లో తాకి వదిలిన ప్రశ్న. ఆ ప్రశ్న గ్రంథాల్లో కంటె స్పష్టంగా కనిపించే చోటు గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి మైదానం. ఎందుకంటే ఇక్కడ సంక్రాంతి మొదలు ఉగాది దాటేవరకు ఏ తిరునాళ్లకు వెళ్ళినా ఒకే కుటుంబం ఒకే రోజున రెండు చోట్ల గుంపులో నిలబడుతుంది, ఒకసారి గుడిలో దేవుణ్ణి చూడటానికి, మరొకసారి పొలంలో కట్టిన తాళ్ల వెనుక ఒంగోలు ఎడ్ల జతలను చూడటానికి. ఈ రెండూ ఒకే పనిలోని భాగాలా, లేక రెండోది భక్తి పేరు చెప్పుకొని వెంట వచ్చిన వినోదమా అని అడిగితే ఆ ఊళ్ల పెద్దలకు ప్రశ్నే వింతగా తోస్తుంది. ఏళ్ల తరబడి కలిసి నడిచినవాటిని విడదీసి చూడవలసిన అవసరం వారికి రాలేదు. కానీ ఎద్దుకు పొలంలో పని పోయిన ఈ కాలంలో ఆ అవసరం వచ్చింది.

ఈ మైదానంలో తిరునాళ్ల అనగానే గుర్తుకు వచ్చేది నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ, అంటే త్రికోటేశ్వరస్వామి వెలసిన త్రికూట పర్వతం. 2022 జిల్లాల విభజన తరువాత అది పల్నాడు జిల్లాలోకి వచ్చింది. అక్కడి ప్రధానోత్సవమైన మహాశివరాత్రి మిరప కోతల నడుమ పడుతుంది. పత్తి చివరి తీతలు ముగిసి, పండిన మిరపకాయ కల్లంలో ఆరుతూ, గుంటూరు యార్డులో ధర ఎంత పలుకుతుందోనన్న లెక్క ప్రతి ఇంటా నడిచే రోజులవి గనుక, ఆ ఒక్క రోజు కల్లానికి కాపలా ఎవరుండాలో తేల్చుకొని మిగిలినవారంతా ట్రాక్టరు ట్రక్కులో పట్టా పరచుకొని బయలుదేరడం సాధారణ రైతు కుటుంబానికి చిన్న విషయం కాదు. పెద్దవాళ్ళు ఉపవాసం, పిల్లలకు మాత్రం మరమరాలూ చెరకు ముక్కలూ రంగులరాట్నమూ ఉంటాయి. కొండ కింద ప్రభలు నిలబడి ఉంటాయి. ప్రభ అంటే కర్రలతోనూ వెదురుతోనూ ఎత్తైన చట్రం కట్టి, దానికి రంగుబట్టలూ దేవుళ్ల బొమ్మలూ విద్యుద్దీపాలూ అమర్చి, ఊరి పక్షాన దేవుడి సన్నిధికి తీసుకువచ్చే మొక్కుబడి. వీటిలో కొన్ని 80, 90 అడుగుల ఎత్తు ఉంటాయి. ఒక వ్యక్తి గాక ఊరు మొక్కుకున్న మొక్కు అది. కోటిన్నొక్క ప్రభ కడితే స్వామి కొండ దిగి వస్తాడని జనంలో ఉన్న నమ్మకాన్ని బట్టి చూస్తే, చూపించడం ద్వారానే దేవుణ్ణి రప్పించవచ్చుననీ, అయితే ఆ చూపించడం ఎన్నటికీ పూర్తి కాదనీ ఈ ప్రాంతపు భక్తి ముందే ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది.

ఎడ్ల ప్రదర్శన సంగతి వేరు. ఈ ప్రాంతంలో దానికి ముఖ్య రూపం బండలాగుడు, అంటే కాడికి కట్టిన ఎడ్ల జత బరువైన రాతి బండను నిర్ణీత సమయంలో ఎంత దూరం ఈడ్చగలదో కొలిచి, దూరాన్ని అడుగుల్లో లెక్కించి బహుమతి ఇచ్చే పోటీ. పశువు వయసును పళ్ళను బట్టి నిర్ణయిస్తారు గనుక పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు ఉంటాయి, వాటి తరువాత జూనియర్, సీనియర్ విభాగాలు వస్తాయి. జతకు నెలల తరబడి ఉలవలూ పత్తిగింజలూ పెట్టి, రోజూ నడిపించి, బండ లాగడం నేర్పి, పోటీ నాటికి కొమ్ములకు రంగూ మెడకు గంటలూ కట్టి తెస్తారు. బండ వెయ్యకుండా కేవలం అందాన్నీ జాతి లక్షణాలనూ చూసే ప్రదర్శనల్లో మూపురం నిలుపూ, గంగడోలు మడతలూ, కొమ్ముల కుదురూ, తెల్లని ఒంటి మీద నల్లని మచ్చలు ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నాయా అన్నదీ పరిశీలిస్తారు. రెండింటిలోనూ తప్పనిసరి భాగం మైకు. ఫలానా ఊరి ఫలానా వారి జత అని మైకులో వినిపించిన క్షణమే యజమాని పొందే అసలు ఫలం అనీ, నగదు బహుమతి సాధారణంగా ఆ జత తిన్న దాణా ఖర్చులో కొంత భాగానికే సరిపోతుందనీ ఆ రంగం తెలిసిన వారందరికీ తెలుసు.

ఇంతవరకు చూస్తే గీతలోని రెండు వాక్యధోరణులు ఈ విషయం మీద ఎదురెదురుగా నిలబడతాయి. పదో అధ్యాయంలోని విభూతి సిద్ధాంతం, అంటే లోకంలో ఎక్కడ ఐశ్వర్యమూ శోభా బలమూ కనిపించినా అది ఈశ్వర తేజస్సులోని అంశమేనన్న బోధ, మంచి గిత్తను చూసి చేయెత్తి మొక్కే ముసలి రైతు పక్షాన మాట్లాడుతుంది. పదహారు, పదిహేడు అధ్యాయాలు మాత్రం పేరు కోసం, సత్కారం కోసం, నలుగురూ చూడాలన్న దంభంతో చేసే యజ్ఞదానతపస్సులను తక్కువ తరగతిలో పెట్టి, మైకు పట్టుకున్న యజమాని పక్షాన మాట్లాడటానికి నిరాకరిస్తాయి. చాలామంది వ్యాఖ్యాతలు ఈ చిక్కును మనోభావం దగ్గర విప్పుతారు: వినయంతో చూపిస్తే పూజ, గర్వంతో చూపిస్తే దంభం. ఈ సమాధానం తప్పు కాదు గానీ ఎవరికీ పనికిరాదు. యజమాని మనసులో ఎంత పాలు వినయమో ఎంత పాలు గర్వమో అతనికే తెలియదు, చూసేవారికి అసలే తెలియదు. మనసును వదిలి, ఆ ఎద్దు మీద ఎవరికి ఏ హక్కు ఉందని అడగడం ఎక్కువ ఫలవంతం. ఆ మార్గాన్ని మీమాంసకులూ ధర్మశాస్త్రకారులూ చాలా దూరం వేసి ఉంచారు.

మీమాంసకుల దృష్టిలో యాగమంటే ఒక దేవతను ఉద్దేశించి ఒక ద్రవ్యం మీద తన స్వామ్యాన్ని వదులుకోవడం. నిప్పూ నెయ్యీ మంత్రమూ ఆ వదులుకోవడం చుట్టూ అమరిన ఉపకరణాలు. ఈ వదులుకోవడం రెండు తీరులుగా ఉంటుందని ధర్మశాస్త్రాలు వివరిస్తాయి. మొదటిది దానం, ఇందులో దాత తన హక్కును వదులుకోవడంతో బాటు తీసుకునేవాడు దాన్ని స్వీకరించి తన హక్కును ఏర్పరచుకుంటాడు. రెండోది ఉత్సర్గం, ఇందులో వదిలేవాడున్నాడు గాని ప్రత్యేకంగా తీసుకునేవాడు లేడు, వదిలిన వస్తువు సర్వప్రాణులకూ చెందుతుంది. చెరువు తవ్వించి ప్రతిష్ఠించినవాడు, తోపు నాటించి బాటసారులకు విడిచినవాడు చేసింది ఉత్సర్గం. తవ్వించినవాడు కూడా ఆ చెరువులో నీళ్ళు తాగవచ్చు, కానీ అందరిలో ఒకడిగానే తాగుతాడు.

ఈ ఉత్సర్గాలలో పశువుకు సంబంధించినది వృషోత్సర్గం. మరణించినవారి ఊర్ధ్వగతి కోసం, ముఖ్యంగా పదకొండో రోజున, లక్షణాలు గల కోడెదూడను ఎంచి, దాని పక్కల మీద త్రిశూల చక్రాల గుర్తులు వేసి, పడ్డలతో కలిపి స్వేచ్ఛగా వదిలిపెట్టే కర్మ ఇది. అచ్చుపోసిన ఆంబోతు అని తెలుగువారు పనీపాటా లేకుండా తిరిగే కుర్రవాణ్ణి తిట్టే తిట్టు ఈ కర్మ నుంచే వచ్చింది గాని, తిట్టులో కనిపించే చులకన కర్మలో లేదు. వదిలిన ఎద్దును మళ్ళీ ఎవరూ కాడికి కట్టరాదు, ఎవరికీ ఇవ్వరాదు, అమ్మరాదు. అది చేలో పడి మేస్తే దండన లేదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం, కొత్తగా ఈనిన ఆవుతోనూ దేవుడి పశువులతోనూ కలిపి, చెబుతుంది. ఈ స్వామ్యరాహిత్యం ఎంత నిజమైనదంటే వలస కాలపు న్యాయస్థానాలు కూడా దాన్ని అంగీకరించవలసి వచ్చింది: 1880ల్లో అలహాబాదు హైకోర్టు బంధు అనే ముద్దాయి కేసులో, ఇలా వదిలిన ఎద్దు ఎవరి ఆస్తీ కాదు గనుక దాన్ని చేజిక్కించుకున్నవాడి మీద ఆస్తి అపహరణకు సంబంధించిన నేరం నిలవదని తేల్చింది. అదే దశకంలో మద్రాసు హైకోర్టు, గుడికి సమర్పించిన ఎద్దు గుడి ఆస్తేనని, దాన్ని తీసుకుంటే దొంగతనమేనని అభిప్రాయపడింది. దానానికీ ఉత్సర్గానికీ ఉన్న భేదాన్ని భారత శిక్షాస్మృతి ఇంత చక్కగా పట్టుకున్న సందర్భం అరుదు.

ఒంగోలు జాతి చరిత్రను పశుశాస్త్రవేత్తలు రాసినప్పుడు ఈ కర్మకు ఇచ్చే స్థానం గమనించదగినది. గుండ్లకమ్మ, మూసీ నదుల నడుమ ఉన్న పల్లెల్లో ఇలా వదిలే దూడను ఇంటివారు తమకు తోచినట్టు ఎంచేవారు కాదు. ఊరి పెద్దలు తల్లిని చూసి, దూడ నిలువునూ ఎముకనూ చూసి, ఇది పనికివస్తుందని ఒప్పుకున్న తరువాతే అచ్చు వేసేవారు. ఒకసారి వదిలాక ఊరి మందలో పుట్టే దూడలన్నిటికీ అదే తండ్రి అవుతుంది గనుక ఎంపికలో అజాగ్రత్తకు ఊరంతా నష్టపోయేది. అంటే పితృదేవతల కోసం చేసిన త్యాగం ఊరి పశువుల వంశరక్షణగా పనిచేసింది. ఇక్కడ శ్రద్ధగా చూడవలసిన విషయం ఒకటి ఉంది. పుణ్యానికి ఇచ్చేటప్పుడు ముసలిదో కుంటిదో ఇచ్చి సరిపెట్టుకునే మనుషుల అలవాటును కఠోపనిషత్తులో నచికేతుడు తండ్రి ముఖాన చూశాడు. పాలు తీసి, నీళ్ళు తాగి, గడ్డి తిని అయిపోయిన ఆవులను అతని తండ్రి దానం చేస్తున్నాడు. ఒంగోలు ప్రాంతపు రైతుకు ఆ సౌలభ్యం లేదు. అతడు ఇచ్చేది బాగోలేకపోతే రెండేళ్ళ తరువాత అతని ఆవుకే బాగోలేని దూడ పుడుతుంది. శాస్త్రం శ్రేష్ఠమైనదే ఇమ్మంది, పశువుల పెంపకం ఆ ఆజ్ఞకు కావలి కాసింది.

ఆ ఏర్పాటు ఇప్పుడు దాదాపు లేదు. ట్రాక్టరు వచ్చి దుక్కిటెద్దు పని తీసుకుంది. జొన్న పోయి పత్తి, పొగాకు, మిరప వచ్చి చొప్ప కరువైంది. పచ్చిక బీళ్ళు సాగులోకి వెళ్ళి ఊరి మందే లేకుండా పోయింది. కృత్రిమ గర్భధారణ వచ్చి ఊరి ఆంబోతు అనవసరమైంది. చేలో పడి మేసే ఎద్దును, ఎకరానికి లక్షలు పెట్టుబడి పెట్టిన మిరప రైతు ఏ స్మృతి చెప్పినా సహించడు, సహించమని అడగడం కూడా న్యాయం కాదు. జాతిని కాపాడే పని గుంటూరు శివార్లలోని లాం పశు పరిశోధన కేంద్రం, ప్రకాశం జిల్లా చదలవాడలోని ఒంగోలు పశుక్షేత్రం వంటి ప్రభుత్వ సంస్థల మీదా, కొద్దిమంది ఇష్టపడి పెంచే రైతుల మీదా పడింది. ఇదే కాలంలో ఈ జాతి సముద్రం అవతల మరో జీవితం గడిపింది. పందొమ్మిదో శతాబ్దిలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది గనుక అక్కడ నెలోరే అని పేరు పడిన ఈ పశువులు బ్రెజిల్ మాంసపరిశ్రమకు ఆధారమయ్యాయి. 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న కరవది గ్రామం పేరు పెట్టుకున్న గిత్త ఒకటి అక్కడికి చేరి, నేటి బ్రెజిల్ మందల్లో చాలావాటికి పూర్వీకుడైంది. 2023లో వియాటినా-19 అనే నెలోరే ఆవు మీద మూడో వంతు యాజమాన్యం అక్కడి వేలంలో అమ్ముడుపోగా, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఎవరి స్వామ్యమూ లేని ఆంబోతు వంశంలో, స్వామ్యాన్ని వాటాలుగా కోసి అమ్మగల ఆవు పుట్టింది. దీన్ని విని గర్వపడాలని తెలుగు పత్రికలు అప్పట్లో సలహా ఇచ్చాయి. గర్వం సంగతి అటుంచి, ఉత్సర్గానికి పూర్తి వ్యతిరేక ధ్రువం ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

తిరునాళ్లలో నిలబడిన జత ఈ రెండు ధ్రువాల నడుమ ఎక్కడ ఉంది? దానికి యజమాని ఉన్నాడు, మైకు ఆ సంగతి మరచిపోనివ్వదు. అయితే ఆ ఎద్దు వల్ల యజమానికి దుక్కి లేదు, బండి లేదు, పాలు లేవు. లెక్క చూసేవాడు ఎవడూ ఆ జతను కట్టడు. ఉపయోగం కోల్పోయిన వస్తువును పోషించడం ఆశ్చర్యకరంగా దాన్ని ఉత్సర్గానికి దగ్గర చేస్తుంది. కనుమ నాడు పసుపు కుంకుమలు పెట్టి పూజించిన ఎద్దు ఆ తరువాత పది నెలలు పనిచేసిపెట్టేది గనుక ఆ పూజలో కృతజ్ఞతతో బాటు కొంత బేరమూ ఉండేది, ఇప్పుడు బేరానికి ఆధారమే లేదు. పోటీ ఎద్దు యజమాని వదులుకోనిది పశువును. వదులుకున్నది దాని రూపాన్ని: ఎవరైనా రావచ్చు, చూడవచ్చు, పేరు చెప్పవచ్చు, తప్పు పట్టవచ్చు, మూపురం ఒక పక్కకు ఒరిగిందని వెక్కిరించవచ్చు. చాలా తిరునాళ్లలో ఆ చూపుకు టిక్కెట్టు ఉండదు.

చూపు ఇలా వస్తువు స్థితిని మార్చగలదా అన్న సందేహానికి కోటప్పకొండ స్థలకథే ఒక సమాధానం ఇస్తుంది. ఆనందవల్లి అనే గొల్లయువతి రోజూ కొండ మీది శివుణ్ణి సేవించేది. గర్భవతి అయి కొండ ఎక్కలేక స్వామిని తన ఇంటికే రమ్మని వేడుకుంటే, వెనుదిరిగి చూడకుండా నడిస్తే నీ వెంట వస్తానన్నాడు. ఆమె దిగుతూ దిగుతూ పెద్ద శబ్దానికి వెనుదిరిగి చూసింది, స్వామి అక్కడే నిలిచి లింగరూపమయ్యాడు, ఇప్పటి గుడి అక్కడ ఉంది. ఈ కథను నిషేధం దాటిన స్త్రీకి కలిగిన నష్టంగా చెప్పుకోవడం మామూలు. ఆమె చూడకపోయి ఉంటే ఆ దేవుడు గొల్లవారి ఇంట ఒక్క కుటుంబానికి దేవుడై ఉండేవాడన్నది కథలో చెప్పకుండా చెప్పిన సగం. ఆమె చూపు అతణ్ణి దారి మధ్యలో, ఏ ఇంటికీ చెందని చోట, అందరూ చేరగల ఎత్తులో నిలిపింది. ఒకరి సొత్తు కాబోయినది చూపు తగిలి అందరిదీ అయింది. ప్రతి శివరాత్రికీ లక్షల మంది ట్రక్కుల్లోనూ బస్సుల్లోనూ వచ్చి చేసేది ఆ గొల్లయువతి చేసిన పనే. ఈ దృష్టితో చూస్తే కొండ మీది చూపుకూ పొలంలోని చూపుకూ మధ్య పోలిక కేవలం ఒకే రోజు జరగడం వల్ల వచ్చినది కాదు.

ఈ వాదాన్ని ఎంతవరకు లాగవచ్చునన్నది వేరే విషయం. రూపాన్ని వదిలి పశువును ఉంచుకోవడం సగం ఉత్సర్గం. ఆ మిగిలిన సగంలో కొన్ని అసౌకర్యమైన సంగతులు ఉన్నాయి. మైకులో వినిపించే పేరు యజమానిది. తెల్లవారుజామున లేచి ఉలవలు ఉడికించినది ఇంటి ఆడవారు. కడిగి, తోమి, రాత్రి పక్కనే పడుకున్నది పాలేరు. వీరిలో ఎవరి పేరూ మైకులోకి రాదు. జతను పోషించగల స్తోమత ఎవరికి ఉంటుందో ఆ ప్రాంతపు భూమి చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు; ఎద్దు దగ్గర కులం కనిపించదని మురిసిపోయే వ్యాసకర్తలు తాళ్లకు ఇవతల ఎవరున్నారో, అవతల పగ్గం ఎవరు పట్టుకున్నారో చూసి రాస్తే బాగుంటుంది. ప్రభ విషయంలో ఈ చిక్కు కొంత తక్కువ, ఎందుకంటే అది మొదటి నుంచీ ఊరి పేరు మీదే కట్టబడుతుంది, ఉత్సవం ముగిశాక విప్పి కర్రలు దాచుకుంటే మిగిలేదేమీ ఉండదు. అయితే ఇటీవల కొన్ని ప్రభల మీద దేవుళ్ల కంటె నాయకుల బొమ్మలే పెద్దవిగా కనిపించడం వల్ల ఆ తేడా కూడా తగ్గిపోతున్నది.

ఉత్సర్గం అన్న భావనకు నేటి వ్యవసాయ ప్రదర్శనల్లో మరో చోటు ఉంది, అది గిత్త కంటె చూడటానికి చిన్నది. లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధనా స్థానం కిసాన్ మేళా పెట్టినప్పుడు, కుటుంబాలతో వచ్చిన రైతులు మిరప మడుల మధ్య నడుస్తూ కాయ నిడివీ రంగూ చూసి విత్తనం గురించి అడుగుతారు. ఎల్‌సీఏ 334 వంటి లాం మిరప రకాలు సూటి రకాలు, అంటే ఆ పంట నుంచి తీసిన విత్తనమే మళ్ళీ వేసుకుంటే దాదాపు అదే కాయ వస్తుంది. ఒకసారి రైతు చేతికి వచ్చాక దాని వంశం మీద సంస్థకు పట్టు ఉండదు. సంకర విత్తనం అలా కాదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఈ మైదానాన్ని సంకర రకాల రూపంలోనే ఆక్రమించింది; దాని గింజను దాచి వేస్తే తల్లిగుణం నిలవదు గనుక ఏటా మళ్ళీ కొనవలసిందే. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం రైతు విత్తనాన్ని దాచుకునే, పంచుకునే హక్కును గుర్తించింది గాని, దాచుకుంటే పనికిరాని గింజ మీద ఆ హక్కు వల్ల ఒరిగేది తక్కువ. ప్రజల డబ్బుతో తయారై, పేరు తప్ప మరే స్వామ్యమూ నిలుపుకోకుండా ఊళ్ళలోకి వెళ్ళిపోయిన మిరప రకం నేటి అచ్చుపోసిన ఆంబోతు అనడానికి శాస్త్రం వెతకనవసరం లేదు. అచ్చు మాత్రం త్రిశూలం బదులు ఒక అంకె. సంకర రకాలు దిగుబడిలో మెరుగైనవని రైతులు వాటి వెంట వెళ్ళడంలో తప్పు లేదు. 2021, 2022ల నాటి మిరప పంటను నల్ల తామర పురుగు నేలకు దించినప్పుడు ఏ విత్తనమూ ఆదుకోలేదు కూడా. ఇక్కడ చెప్పదలచినది దిగుబడి సంగతి కాదు.

అసలు కష్టమైన భాగం ఎద్దుది. వదిలేవాడూ, చూపేవాడూ, చూసేవాడూ అని ఇంతవరకు చేసిన విభజనలో ఎద్దుకు వస్తువు స్థానమే దక్కింది. ఈ మైదానంలోనే ఒకప్పుడు అమరావతి, నాగార్జునకొండ కేంద్రాలుగా వెలసిన బౌద్ధం ఆ స్థానాన్ని ఒప్పుకోదు. పాలి జాతక కథల్లో నందివిశాలుడనే ఎద్దు కథ ఉంది. బండలాగుడుకు వెళ్ళే ప్రతి యజమానీ తెలుసుకోదగిన కథ అది. తన యజమాని అయిన బ్రాహ్మణుడి కోసం నూరు బళ్ళను లాగగలనని ఎద్దే ముందుకు వస్తుంది, అతడు వెయ్యి నాణేల పందెం కాస్తాడు, తీరా కాడి కట్టాక ముల్లుకర్ర ఊపి నీచపు మాటతో అదిలిస్తాడు. ఎద్దు కదలదు. పందెం పోయిన తరువాత, ఇన్నాళ్ళలో నేను నీ ఇంట ఏమైనా పాడుచేశానా, నన్ను ఆ మాట ఎందుకన్నావు అని అడుగుతుంది. మంచి మాటతో పిలిచిన రెండోసారి నూరు బళ్ళనూ కదిలించి రెట్టింపు పందెం గెలిపిస్తుంది. ఈ కథ పోటీని ఖండించదు, పందేన్ని కూడా ఖండించదు. బలం ఎద్దుదనీ, ఆ బలాన్ని చూపాలా వద్దా అన్న నిర్ణయం కూడా దానిదేననీ మాత్రం అంటుంది. శివుడి వాహనమైన నందినే బసవేశ్వరుడిగా దిగివచ్చిన భక్తుడిగా పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో నిలబెట్టినప్పుడు తెలుగు శైవం కూడా, వేరే దారిలో, ఎద్దుకు కర్తృత్వాన్ని ఇచ్చింది.

న్యాయస్థానాల్లో ఈ ప్రశ్న మరో భాషలో నడిచింది. 2014లో సుప్రీంకోర్టు నాగరాజ కేసులో జల్లికట్టునూ బండ్ల పందేలనూ నిషేధిస్తూ, పశువుకు బాధ నుంచి, భయం నుంచి విముక్తి హక్కుగా ఉందని పలికింది. రాష్ట్రాలు చట్టాలు సవరించుకున్న తరువాత 2023 మే నెలలో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సవరణలను నిలబెట్టింది. రెండో తీర్పులో సంప్రదాయం అన్న మాటకు ఇచ్చిన బరువు ఈ వ్యాసం దృష్టిలో ఎక్కువే. ఏది సంప్రదాయమని తేల్చడం శాసనసభ పని అని కోర్టు వదిలివేయడంలో వివేకం ఉంది గాని, సంప్రదాయమైనందువల్ల చర్నాకోల దెబ్బ తక్కువ నొప్పి పెట్టదు. అయినా బండలాగుడును నిషేధించాలనేవారు ఎదుర్కోవలసిన చిక్కు కూడా ఒకటి ఉంది: పోటీలు ఆగితే ఈ జాతి ఎడ్లను ఇళ్ళలో కట్టివేసుకోవడానికి మిగిలిన కారణం దాదాపు ఏదీ ఉండదు. బాధ లేకుండా ఉండటానికి ముందు ఉండటం కావాలి. దెబ్బ కొట్టకుండా, ముల్లు పొడవకుండా, మాటతో మాత్రమే లాగించాలన్న నియమాన్ని కొన్ని చోట్ల నిర్వాహకులు పెట్టుకుంటున్నారు. నందివిశాలుడి షరతు అదే. అది ఎంత కచ్చితంగా అమలవుతుందన్నది తాళ్ల వెనుక నిలబడినవారి చేతుల్లో కూడా ఉంది, ఎందుకంటే అదిలింపుకు ఈలలు వేసేది వారే.

సగం ఉత్సర్గంలో మిగిలిన సగం చివరకు బయటపడేది పశువు వయసు మళ్ళినప్పుడు. అచ్చు వేసి వదిలిన ఆంబోతుకు వార్ధక్యం సమస్య కాదు. యజమాని లేడు గనుక అమ్మేవాడూ లేడు, పనిచేయని రోజునా అది వదిలిన రోజున ఎంత ఎవరిదీ కాదో అంతే ఎవరిదీ కాదు, ఊరు దాన్ని చావనిచ్చేది గాని చంపేది కాదు. పోటీ ఎద్దుకు మైకులో పలికిన ఆ యజమాని ఉన్నాడు. పాలపళ్ళ నుంచి మొదలైన విభాగాలు సీనియర్ దగ్గర ముగుస్తాయి, దాని తరువాత ఏ విభాగమూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నుంచి అమలులో ఉన్న పశు పరిరక్షణ చట్టం గోవధను నిషేధించినా, పనికీ సంతానోత్పత్తికీ ఇక పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇచ్చిన ఎద్దు విషయంలో వధకు అనుమతిస్తుంది. ఆ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవాలా, లేక బహుమతి తెచ్చిన జతను కొట్టంలో ముసలితనం దాకా మేపాలా అన్న నిర్ణయం, తిరునాళ్లలో ఎంతమంది చూసినా, ఎవరూ చూడని చోట ఒక్కడే తీసుకోవలసి ఉంటుంది. మంచి జతలను చనిపోయిన తరువాత పొలం గట్టున పూడ్చి, దినం చేసి, ఊరికి అన్నం పెట్టే రైతులు ఈ ప్రాంతంలో ఉన్నారు. మనిషి చనిపోతే ఎద్దును వదిలిన శాస్త్రంలో, ఎద్దు చనిపోతే మనిషి ఏం చేయాలో చెప్పే విధి ఏదీ లేదు. ఆ కర్మను వారు తమంతట తామే కల్పించుకున్నారు.